నూకాలమ్మ వంతు

మూడు రోజులుగా మృదుల ఒక్క పేరు కోసం వెతుకుతోంది. బుధవారం పొద్దున పదకొండు గంటలకి దొరికింది.

కోడ్‌లో ఏ లైను ఎవరు రాశారో, ఏ రోజు రాశారో చూపించే సాధనం ఒకటుంది. తప్పున్న లైను ఏదో తేలాక ఇంక కష్టమేమీ లేదు. దాని మీద వేలు పెడితే చాలు, పక్కన పేరు కనిపిస్తుంది. నూట నలభై మూడో లైను పక్కన కనిపించిన పేరు అప్పలరాజు.

మృదుల కుర్చీలో వెనక్కి వాలింది. తన పేరు కాదు. ముందు ఆ ఊరట కలిగింది. ఆ తరవాతే అప్పలరాజు ముఖం గుర్తొచ్చింది.

ఆమె కూర్చున్నది సముద్రపు ఒడ్డున ఒక చిన్న పట్టణంలో, ఒక ట్రస్టు నడిపే డయాలసిస్ కేంద్రంలో. పన్నెండు మెషిన్లు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నూట ముప్పై మంది రోగులు. ఎవరు ఏ రోజు, ఏ పూట, ఏ మెషిన్ దగ్గర పడుకోవాలో కంప్యూటరే వంతులు వేస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ మంచిచెడ్డలు చూసేది విశాఖపట్నంలో ఉండే రహమతుల్లా గారు. అరవై దాటినాయన. ఇటువంటి చిన్న చిన్న సంస్థలు ఆయన్నే వెతుక్కుంటూ వస్తాయి, పని అప్పజెప్పేశాక కూడా ఆయన ఫోన్ ఎత్తుతారని. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నలుగురిలో మృదుల చురుకైనది; ఈ కేంద్రం పని ఆమెకే అప్పజెప్పారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

కిందటి గురువారం నూకాలమ్మ అనే ఎండుచేపలమ్ముకునే ఆవిడ రెండు బస్సులు మారి కేంద్రానికొచ్చింది. కౌంటర్లో ఉన్నామె తెర చూసి, "ఈవేళ నీ పేరు లేదమ్మా" అంది.

"నేకపోడమేటమ్మా? లచ్చివారం నా వొంతే కదా!"

"కంప్యూటర్లో లేదు. నన్నేం చెయ్యమంటావు? సోమవారం రా."

కంప్యూటర్లో లేదంటే మరి లేనట్టే. నూకాలమ్మ కాసేపు బెంచీ మీద కూర్చుని వెళ్ళిపోయింది. శనివారం నాటికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. పడుకుంటే ఊపిరందదు, కూర్చుంటే ఓపిక లేదు. కోడలు ఆటోలో కూర్చోబెట్టి వెనకనుంచి పట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ మూడు రోజులు ఆశా నిరాశా. బతికింది. నిన్న సాయంత్రమే ఈ కేంద్రం పై అంతస్తులో ఉన్న వార్డుకి తెచ్చారు.

కేంద్రాన్ని నడిపే డాక్టర్ సన్యాసిరావు గారు కోపిష్ఠి కాదు. సోమవారం నాడు మాత్రం గొంతు పెంచారు.

"ఇది ఎవరి వల్ల జరిగిందో బుధవారం సాయంత్రంలోగా నాకు రాసివ్వండి. ఆ మనిషి ఇంక ఇక్కడ ఉండటానికి వీల్లేదు."

అప్పలరాజు ఆ కేంద్రంలోనే కంప్యూటర్లు చూసుకునేవాడు. పాలిటెక్నిక్ చదివాడు. ఏడాదిగా మృదుల దగ్గర ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్నాడు. చిన్న చిన్న మార్పులు తనే రాసి ఆమెకి పంపేవాడు. రెండో మనిషి చూసి ఒప్పుకోనిదే ఏ మార్పూ లోపలికి వెళ్ళకూడదన్న నియమం అక్కడ పెట్టింది మృదులే. ఆ నియమం పెట్టినందుకు ట్రస్టు మీటింగులో ఆమెకి చప్పట్లు కూడా కొట్టారు.

సోమవారం నుంచీ అప్పలరాజు అన్నం సరిగ్గా తినలేదు. మెట్ల కింద, పాత మానిటర్లు పెట్టిన చోట కూర్చుంటున్నాడు. నిన్న మృదుల అటుగా వెళ్తుంటే లేచి నిలబడ్డాడు.

"ఆవిడకేటైనా అయ్యుంటే నానేటైపోదును మేడమ్?" అన్నాడు.

ఆమె ఆగకుండా వెళ్ళిపోయింది. అప్పటికింకా ఆ లైను దొరకలేదు.

ఇప్పుడు దొరికింది. రిపోర్టులో టైపు చేసింది: లోపానికి కారణం, అప్పలరాజు రాసిన మార్పు.

విశాఖపట్నం బస్సులో వచ్చిన రహమతుల్లా గారు చేతిసంచీ కింద పెట్టి, ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"దొరికింది సార్" అంది.

"ఏం దొరికిందమ్మా?"

"పేరు."

ఆయన తెర మీద రిపోర్టు చదివారు. ఒక్కటే పేజీ. చాలాసేపు చదివారు.

"ఆ మార్పు ఓసారి తెరువు" అన్నారు.

తెరిచింది. ఆయన ల్యాప్‌టాప్‌ని అలాగే రెండు చేతులా ఎత్తుకుని హాల్లోకి నడిచారు. మృదుల వెనకే వెళ్ళింది. పొద్దుటి పూట రోగుల్ని మెషిన్ల నుంచి విడిపించి, సిస్టర్ పార్వతి బెంచీ మీద కూర్చుని టీ తాగుతోంది. ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న మనిషి.

"సిస్టర్, మాకో పావుగంట ఇస్తారా?" అన్నారు రహమతుల్లా గారు. "ఈ అమ్మాయి మీకొకటి చదివి వినిపిస్తుంది."

సిస్టర్ తెరవైపు చూసి నవ్వింది. "నాకా భాష రాదు కదండీ."

"ఆమెకొచ్చు. మీకు తెలుగులో చెబుతుంది."

మృదులకి సిగ్గేసింది. చుట్టూ రెండో పూట రోగులు కూర్చుని ఉన్నారు. ఎవరి చేతిలో వాళ్ళ ఫైలు. ఒకాయన మోచేతి దగ్గర ఉబ్బిన నరాన్ని నెమ్మదిగా నిమురుకుంటున్నాడు.

"ఎందుకు సార్? ఆ లైనేదో నాకు తెలిసిపోయింది కదా."

"తెలిసింది. చదువు."

చదవడం మొదలుపెట్టింది. మొదటి లైన్లు తేలికే. రోగుల పట్టీ తెరవాలి. ఒక్కొక్కరి పేరూ తీసుకోవాలి. ముందూ వెనకా ఖాళీలుంటే తీసేయాలి. సిస్టర్ బుద్ధిగా తలూపుతోంది. ఎక్కడైనా అర్థంకాకపోతే, "అంటే?" అంటోంది. మృదుల ఆగి, ఇంకాస్త విడమరిచి చెబుతోంది. ఇలా ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు తను. చెబుతుంటే రెండు చోట్ల తనకే సరిగ్గా అర్థం కాలేదని తెలిసింది.

నూట నలభై మూడో లైను దగ్గర గొంతు తగ్గింది.

"ఇద్దరు రోగుల పేరూ, ఊరూ, ఫోన్ నంబరూ ఒకటే అయితే, ఆ మనిషిని పొరపాటున రెండుసార్లు రాసుకున్నట్టు లెక్క. రెండోది తీసేయాలి."

సిస్టర్ టీగ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది.

"అదెలాగమ్మా? మా వైపు ముసలాళ్ళకి ఫోన్లెక్కడివి? ఊళ్ళో ఆశా వర్కరు అమ్మాయి నంబరే అందరూ రాయిస్తారు. ఆ ఊళ్ళో నూకాలమ్మలు ముగ్గురున్నారు. అమ్మవారి పేరు కదా, వీధికొకరుంటారు. మన దగ్గరికే ఇద్దరొస్తారు."

ఎత్తిపొడుపేమీ లేదు ఆ మాటలో. వానొస్తే తడుస్తాం అన్నంత మామూలుగా అంది. గ్లాసు కింద పెట్టి, "ముందే అడిగుంటే చెప్పేదాన్నే" అంది.

రహమతుల్లా గారు గోడ గడియారం వైపు చూశారు.

"ఎంతసేపయింది?"

"తొమ్మిది నిమిషాలు సార్."

"ఇది ఒప్పుకున్న రోజు?"

మృదుల ల్యాప్‌టాప్‌ని దగ్గరికి లాక్కుంది. ఎవరు రాశారో చూపించే సాధనం, ఎవరు ఒప్పుకున్నారో కూడా చూపిస్తుంది. ఈ మూడు రోజుల్లో అటువైపు ఆమె ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు చూసింది. అప్పలరాజు పంపినది సాయంత్రం నాలుగూ పన్నెండుకి. ఆమోదించినది నాలుగూ పదమూడుకి. పక్కన మృదుల పేరు. కింద ఒకే మాట: బాగుంది.

"కోడ్‌ని సరిచూసే టెస్టులన్నీ పాసయ్యాయి సార్" అంది. "అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. ఆ వారం నాకు నాలుగు చోట్ల పని…"

"అవును. నాలుగు చోట్లా పెట్టింది నేనే" అన్నారాయన.

లోపల ఏదో మెషిన్ సన్నగా కూత పెట్టింది. సిస్టర్ లేచి వెళ్ళి ఆపి వచ్చింది.

"పైన రెండు మూడు మాటలేవో ఉన్నాయి" అన్నారు రహమతుల్లా గారు. "అవి వదిలేసి కింద నుంచి మొదలుపెట్టావు."

కోడ్‌కి పైన, మార్పు పంపినవాళ్ళు ఓ ముక్క రాసుకునే చోటది. మృదుల దాన్నెప్పుడూ దాటేసేది. అక్కడ ఏముంటుంది, నమస్కారాలు తప్ప.

పైకి జరిపింది. బిగ్గరగానే చదవబోయింది.

"మేడమ్, ఫోన్ నంబర్ల దగ్గర నాకు అనుమానంగా ఉంది. సరిగ్గా చేశానో లేదో తెలియడం లేదు. మీరు ఒకసారి…"

చివరి మాట బయటికి రాలేదు. సిస్టర్ పార్వతి తెర వైపు వంగి చూసి, తెలుగే కనక, ఆ మాట తనే మెల్లగా చదివింది.

"…చదవండి."

తరవాత గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మృదుల రిపోర్టు మళ్ళీ రాసింది. రహమతుల్లా గారు సాయం చెయ్యలేదు. కిటికీ దగ్గర కూర్చుని సంచీలోంచి తెచ్చుకున్న రొట్టె తిన్నారు. ఆమె రాసింది ఐదు వాక్యాలు. ఇద్దరు నూకాలమ్మలు ఒక్కరెలా అయ్యారో మొదటి మూడు వాక్యాల్లో ఉంది. నాలుగోది: ఈ మార్పుని నేను చదవకుండా ఒప్పుకున్నాను. ఐదోది: రాసినతను తన అనుమానం ముందే చెప్పి, చదవమని నన్ను అడిగాడు.

ప్రింటు తీసి ఆయనకిచ్చింది. ఆయన చదివి, జేబులోంచి పెన్ను తీసి, అడుగున ఒక వరుస చేర్చారు: ఆ వారం ఆమెకి చదివే తీరిక లేకుండా చేసినవాణ్ణి నేను. కింద సంతకం పెట్టారు.

"సార్, అది మీరు రాయక్కర్లేదు" అంది మృదుల.

ఆయన కాగితం మడిచి ఆమె చేతికిచ్చారు.

డాక్టర్ సన్యాసిరావు గారు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నేనడిగింది ఒక పేరమ్మా. ఈ లైను రాసింది ఆ అప్పలరాజేనని కౌంటర్లో వాళ్ళు కూడా అంటున్నారు."

"రాసింది అతనేనండి."

"మరి?"

"చదవమని అడిగాడండి. నేను చదవలేదు."

చెప్పేదాకా ఆ మాట ఎంత బరువుందో ఆమెకి తెలియలేదు. పక్కన రహమతుల్లా గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన కల్పించుకోలేదు.

డాక్టరు గారు కిటికీ వైపు తిరిగారు.

"నూకాలమ్మని ఆసుపత్రిలో నేను చూశాను" అన్నారు. "మాట రాక చేత్తో సైగ చేసింది, గాలి కావాలని." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "అప్పలరాజుని లేచి వెళ్ళి పని చూసుకోమనండి. మీ సంగతి ట్రస్టు వాళ్ళతో మాట్లాడి చెబుతాను. దాచడమెందుకు, మిమ్మల్ని ఉంచడం కష్టమే."

"మంచిదండి" అన్నారు రహమతుల్లా గారు.

మెట్ల కింద అప్పలరాజుతో మృదుల ఏం మాట్లాడిందో ఎవరూ వినలేదు. అతను కళ్ళు తుడుచుకుంటూ లేచి, మానిటర్ల మీది దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. ఏం చెయ్యాలో తోచనప్పుడు మనిషి ఏదో ఒకటి చేస్తాడు కదా.

ఆమె తిరిగి వచ్చేసరికి రహమతుల్లా గారు వరండాలో చెప్పులు వేసుకుంటున్నారు. బస్టాండుకి వెళ్ళడానికే అనుకుంది. సంచీ తీసి ఆయనకి అందించింది.

"ఈ పని మన చేతిలోంచి పోతుంది కదా సార్."

"పోవచ్చు."

ఆయన సంచీ భుజాన వేసుకుని, గేటు వైపు కాకుండా పై అంతస్తు మెట్ల వైపు తిరిగారు.

"నూకాలమ్మ లేచి కూర్చుందట. రా."

మృదుల కదల్లేదు. ఒక మెట్టెక్కి ఆయన ఆగారు.

"ఆవిడకి నేనేం చెప్పను సార్? కోడ్ అంటే ఏమిటో కూడా తెలియదు ఆవిడకి."

"డాక్టరు గారికి ఏం చెప్పావో, అదే."