కోట బయట ఎవరూ లేరు

ఒకానొక రాజ్యంలో, పగలు ఎంత ఎండ కాసినా సందెవేళకు మంచు కమ్మేసే కొండకోట ఒకటి ఉండేది. దాన్ని ఏలే విక్రాంతరాజుకు మీసాలు పెద్దవి, బిరుదులు ఇంకా పెద్దవి. నిద్ర మాత్రం కరువు.

కారణం కోట తలుపు. రాజుగారి తాత కాలంలో శత్రువులొస్తున్నారని పుకారు పుట్టింది. తాతగారు కంగారుపడి తలుపులు మూయించారు. గడ్డి కోతకు వెళ్ళినవాళ్ళు బయటే ఉండిపోయారు. తలుపు తట్టి, పేర్లు చెప్పుకుని, ఏడ్చారు. తాతగారు తీయనివ్వలేదు. తెల్లారి చూస్తే మనుషులూ లేరు, కొడవళ్ళూ లేవు. శత్రువులు మాత్రం రానేలేదు.

అప్పటినుంచి తలుపు మూసేముందు కాపలావాడు మంచులోకి గొంతెత్తి, "ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే పలకండి" అని పిలవడం ఆ కోట ఆచారం. పిలుపు విన్నప్పుడల్లా ఎవరైనా నిజంగానే పలుకుతారేమోనని రాజుకు గుండె దడ.

ఇలా ఉండగా శంకుభట్టు అనే పండితుడు దూరదేశంలో కొత్త తత్వం చదువుకుని వచ్చాడు.

"ప్రభూ, దిగులనేది మనసు అల్లుకున్న కట్టుకథ. కోట బయట ఎవరూ లేరు. లేనివాళ్ళను పిలవడం వల్లే మీకు భయం. పిలుపు మానిపించండి, భయం దానంతటదే పోతుంది" అన్నాడు.

రాజుకు ప్రాణం లేచొచ్చింది. కోట బయట ఎవరూ లేరనీ, ఇకమీదట పిలిచినా, మూసిన తలుపు తీసినా దేశబహిష్కారమనీ చాటింపు వేయించాడు.

పాపం, కాపలా పోలయ్యది ఏళ్ళ తరబడి అలవాటైన నోరు. ఆ సాయంత్రమే పిలిచేశాడు. మర్నాడు కొలువులో శిక్ష పడింది. తెల్లారేసరికి పెళ్ళాం బిడ్డలతో కొండ దిగిపోవాలి.

కొలువులో గుండన అనే మాటకారి ఉండేవాడు. అతను లేచి, "ప్రభూ, ఈ తత్వంతో తమ భయం నిజంగా పోయిందా?" అని అడిగాడు.

"పూర్తిగా పోయింది."

"అయితే ఈ మధ్యాహ్నం కోట బయట గడ్డిమైదానంలో పండితులవారి ఉపన్యాసం పెట్టించండి. అక్కడ కూడా తమకు భయం వేయకపోతే పోలయ్యతో పాటు నేనూ కొండ దిగిపోతాను. వేస్తే అతన్ని క్షమించాలి."

"సరే" అని రాజు మీసం దువ్వాడు. భటులను తెచ్చుకుంటే భయమున్నట్టే కదా అని గుండన దెప్పడంతో ముగ్గురే బయలుదేరారు.

శంకుభట్టు మొదలుపెడితే ఆపడం ఎవరి తరం? గుండన సందేహం మీద సందేహం అందించాడు. పొద్దు వాలింది. మంచు దిగింది. గుండన ఎప్పుడు లేచి వెళ్ళాడో వాళ్ళు చూడలేదు. రోజూ వినిపించే పిలుపు లేదు గనుక తలుపు మూసిన సంగతీ తెలియలేదు.

రాజు తడుముకుంటూ వచ్చి తలుపు మీద గుద్దాడు.

"తీయకు పోలయ్యా" లోపల గుండన గొంతు. "బయట ఎవరూ లేరు. చాటింపు వినలేదా?"

"నేను రాజును."

"తాతగారి కాలంలోనూ బయటివాళ్ళు ఇలాగే పేర్లు చెప్పుకున్నారట."

రాజు వెనక మంచులో ఏదో సరసరమంది. కొడవలి కొడవలికి తగిలినట్టు చిన్న చప్పుడు. అప్పుడే కోసిన గడ్డి వాసన. ఆ మైదానంలో ఎండాకాలం మొదలయ్యాక పచ్చి పరకన్నది లేదు.

"పండితా, నీ తత్వం చెప్పు" అన్నాడు రాజు.

శంకుభట్టు రాజుగారి ఉత్తరీయాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. "లోపలికి వెళ్ళాక చెబుతాను ప్రభూ."

రాజు తలుపుకు నుదురు ఆనించాడు. "గుండనా, ఓడిపోయాను. నాకు భయంగా ఉంది. ఒక్కసారి పిలిపించవయ్యా."

పోలయ్య గొంతెత్తాడు. "ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే పలకండి."

తనను పిలుస్తుంటే ఎలా ఉంటుందో రాజుకు అప్పుడు తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉన్నాను" అన్నాడు. "నేనూ ఉన్నాను" అన్నాడు శంకుభట్టు.

పెద్ద తలుపులో ఉన్న చిన్న దిడ్డి తలుపు తెరుచుకుంది. దివిటీ వెలుగులో పడగానే రాజు పగలబడి నవ్వాడు. పోలయ్య శిక్ష రద్దు చేసి, తన కంకణం తీసి గుండన చేతికి తొడిగాడు.

"తత్వం అబద్ధమంటావా?" అని అడిగాడు.

"ఏమో ప్రభూ, పండితులవారు చెప్పింది నిజమే కావచ్చు. కానీ భయపడేవాడికి భయం లేదని చెబితే సరిపోదు. తనకోసం ఒకరు పిలుస్తున్నారని తెలియాలి."

రాజు తల ఊపి, దిడ్డి వైపు చూశాడు. పోలయ్య ఇంకా దాన్ని మూయలేదు.

"ఎందుకలా నిలబడ్డావు?"

"తమ తరవాత ఇంకెవరో కూడా పలికారండి."

రాజు గుండన వైపు తిరిగాడు. "ఇదీ నీ పనేనా?"

గుండన ముఖంలో నవ్వు లేదు. "తలుపు వేయించింది నేనే ప్రభూ. ఆ పలికింది నేను కాదు. ఆ కొడవళ్ళ చప్పుడు నాకూ వినిపించింది."

శంకుభట్టు గబగబా నాలుగడుగులు వెనక్కి వేశాడు. రాజు మాత్రం దివిటీ అందుకుని దిడ్డి దగ్గరికి వెళ్ళాడు. తాత మూయించిన తలుపును మనవడు చేత్తో పట్టుకుని, మంచులోకి చూస్తూ, "రండి" అన్నాడు.

గడ్డి వాసన అతని పక్కనుంచి లోపలికి నడిచిపోయింది. అది పూర్తిగా దాటేదాకా ఆగి, రాజే స్వయంగా తలుపు మూశాడు.

ఆ రాత్రి విక్రాంతరాజుకు నిద్ర పట్టింది.