బొడ్డువారు కంప్యూటర్ కొన్నారు

తుని దాటి కాస్త లోపలికి వెళితే సింగాలపాడు అని ఒక ఊరు. ఆ ఊళ్ళో తెలివైనవాళ్ళెవరని ఎవరినడిగినా సరే, బొడ్డువారి ఇంటివైపు చెయ్యి చూపిస్తారు. చూపించేటప్పుడు నవ్వుతారు కూడా. అది గౌరవంతో వచ్చే నవ్వేనని బొడ్డు సన్యాసిరావు గట్టి నమ్మకం.

సన్యాసిరావుది కొబ్బరికాయల వ్యాపారం. ఇంట్లో ఆయనా, భార్య సత్యవేణీ, తమ్ముడు అబ్బులూ, కూతురు లోవకుమారీ ఉంటారు. వీధి గేటు మీద ఆయన పెద్ద పెద్ద అక్షరాలతో ‘ఆలోచించి లోపలికి రండి’ అని రాయించాడు. రాయించిన మర్నాడు తనే గేటు దగ్గర ఆగి ఆలోచిస్తూ నిలబడిపోయాడు. అన్నం చల్లారిపోతోందని పిలవడానికి సత్యవేణి బయటికొచ్చింది. వచ్చినావిడ మళ్ళీ లోపలికి వెళ్ళాలి కదా? ఇంకేముంది, ఆవిడా ఆగి ఆలోచించింది.

“మనిషి నోట్లోంచి మాట వచ్చిందంటే దాన్ని ఉన్నదున్నట్టు చెయ్యాలి. సొంత కవిత్వం కలిపేవాడు తెలివితక్కువవాడు” అని సన్యాసిరావు అందరికీ చెప్పేవాడు. ఒకసారి కరెంటు పనిచేసే అతను “నేనొచ్చేదాకా ఈ స్విచ్చులు ముట్టుకోకండి” అని చెప్పి టీ తాగడానికి వెళ్ళాడు. అటునుంచి అటే అనకాపల్లిలో సంబంధం కుదిరి అక్కడే ఉండిపోయాడు. అంతే! బొడ్డువారింట్లో నెలల తరబడి కిరసనాయిలు దీపాలే. సన్యాసిరావు అతని పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేసి, “పిల్లాపాపలతో చల్లగా ఉండు బాబూ. వీలు చూసుకుని ఓసారి వచ్చి మా స్విచ్చు నొక్కి పో” అని చెప్పొచ్చాడు. ఆఖరికి లోవ చాటుగా స్విచ్చు నొక్కింది. అతనే వచ్చి వెళ్ళాడనుకుని ఇంటిల్లిపాదీ సంతోషించారు.

ఈ లోవ ఇంటరు పాసైంది. కాకినాడలో కంప్యూటర్ చదువు ఉచితంగా చెప్పి, హాస్టల్లో పెట్టుకునే సంస్థ ఒకటుందని విని దరఖాస్తు చేసింది. పరీక్ష ఇంట్లోనే కూర్చుని సొంత కంప్యూటర్లో రాయాలి. సీటొస్తే చదువు. రాకపోతే నాన్న కొట్టులో కాయలు లెక్కపెట్టుకోవడమే. స్కాలర్‌షిప్పు డబ్బులూ, వేసవంతా పిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచుకున్నవీ తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

“మా లెక్చరర్ గారు చెప్పారు నాన్నా. ఖరీదైన కంప్యూటర్ల జోలికి పోవద్దన్నారు. నా పనికి సరిపోతే చాలు, పాతదైనా ఫర్వాలేదన్నారు. పదిమందినీ అడిగి కొనుక్కోమన్నారు.”

“అడుగుదాం. ఒరే అబ్బులూ, అరుగు మీద చాప వెయ్యి!”

“అంటే నాన్నా, తెలిసినవాళ్ళని...”

“నువ్వుండమ్మా. చదువుకునేదానివి, నీకేం తెలుసు?”

సన్యాసిరావుకి కూతురంటే ప్రాణం. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ పిల్ల పనంటే ఆయన ఇంకొకరికి వదిలేవాడు కాదు, ఆ పిల్లకైనా సరే.

అన్నదమ్ములిద్దరూ అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళని ఆపి అడగడం మొదలుపెట్టారు. అడిగిన మనిషికో కొబ్బరికాయ చొప్పున పక్కన పెట్టారు, లెక్క తప్పకుండా. మంగలి వచ్చి, “జ్ఞాపకశక్తి ఎక్కువున్నది చూసి కొనండి. అందులోనే ఉంటుందంతా” అన్నాడు. బస్సు కండక్టరు, “బల్ల మీద పెట్టేది ఒకటీ, ఒళ్ళో పెట్టుకునేది ఒకటీ అండి. మీ వీలు” అన్నాడు. అరటిపళ్ళావిడ, “నాకేం తెలుసు బాబూ” అంది. ఆవిడకీ ఒక కాయ పెట్టారు. తొమ్మిదో అతనికి చెవుడు. పదో అతను తాగున్నాడు. “ఎవర్నీ నమ్మొద్దు గురువుగారూ” అని ఏడ్చి, తన కాయ తను పట్టుకుపోయాడు. లెక్క తప్పకుండా అబ్బులు దాని చోట ఇంకోటి పెట్టాడు.

అప్పుడొచ్చాడు, ఊళ్ళో నెట్ సెంటర్ నడిపే చిన్నారావు. “కంప్యూటర్ కొంటున్నారట కదండీ! ఏం చూసుకోవాలో నేను చెప్తాను, కావాలంటే షాపుకి కూడా వస్తాను” అన్నాడు ఆశగా.

సన్యాసిరావు కాయలవైపు చూసి, జాలిగా తల ఊపాడు. “నువ్వు పదకొండోవాడివి నాయనా. లెక్చరర్ గారు పదిమందినే అడగమన్నారు.”

లోపల తలుపు చాటున లోవ తల పట్టుకుంది.

మర్నాడు నలుగురూ తునిలో షాపుకి వెళ్ళారు. బల్ల మీద పెట్టేదా, ఒళ్ళో పెట్టుకునేదా అని షాపాయన అడిగాడు. “మా ఇంట్లో బల్ల లేదు, ఒళ్ళు ఉంది” అన్నాడు సన్యాసిరావు. అంతే, కింద బాసింపట్టు వేసుక్కూర్చుని, షాపులో ఉన్న లాప్‌టాప్‌లన్నీ ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టించుకున్నాడు. ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని కొబ్బరికాయని ఊపినట్టు ఊపాడు.

“అయ్యయ్యో, ఊపకండి బాబూ!” షాపాయన పరిగెత్తుకొచ్చాడు.

“లోపల ఏదైనా కదుల్తోందా లేదా చూడాలి కదండీ. కదిలితే ముదురుకాయ.”

“నాన్నా, ఇది బావుంది. మన డబ్బులో వస్తుంది” అని లోవ ఒకదాన్ని చూపించింది.

“దీనికి జ్ఞాపకశక్తి ఎంతండీ?” అని అడిగాడు సన్యాసిరావు.

“బోలెడండీ. మీరు ఏం పెట్టినా మర్చిపోదు.”

“చూద్దాం.” సన్యాసిరావు కంప్యూటర్‌కి ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు. “నా పేరు బొడ్డు సన్యాసిరావు. మాది సింగాలపాడు. కొబ్బరికాయల వ్యాపారం. గుర్తు పెట్టుకో” అని బయటికి వెళ్ళి, ఒక సోడా తాగి, తిరిగొచ్చాడు. “ఇప్పుడు చెప్పు. నేనెవర్ని?”

కంప్యూటర్ ఏమీ అనలేదు.

“సోడా తాగొచ్చేలోపు మర్చిపోయింది! దీన్ని మా పిల్లకి అంటగడదామనుకున్నారా?”

షాపాయన లోవ మొహం చూశాడు. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. ఆయనకి పాపం అనిపించి లోపల్నించి ఇంకోటి తెచ్చాడు. “ఇది చూడండి. పాతదే గానీ గట్టిది. ఒక లెక్చరర్ గారు నాలుగేళ్ళు వాడారు.”

సన్యాసిరావు లేచి నిలబడ్డాడు. “లెక్చరర్ గారి దగ్గరా? నాలుగేళ్ళా? అంటే ఇది ఇప్పటికే డిగ్రీ దాటేసుంటుంది!”

“మన లోవ కన్నా పై చదువే అన్నయ్యా” అన్నాడు అబ్బులు, చేతులు కట్టుకుని.

“చదువుకున్నదాన్ని ఊపి చూడకండి, బాగోదు” అంది సత్యవేణి.

లోవ దాన్ని తెరిచి అటూ ఇటూ చూసింది. నిజంగానే మంచిది, ధర కూడా అందుబాటులో ఉంది. ఎందుకు కొంటున్నారో తర్వాత ఏడవచ్చులే, ముందు కొననీ అనుకుని నోరు మూసుకుంది.

“పాస్‌వర్డ్ పెట్టుకో అమ్మాయ్” అన్నాడు షాపాయన.

“కొనేది నేనైతే అదెందుకు పెడుతుందండీ?” అని సన్యాసిరావు ముందుకొచ్చాడు. డబ్బు ఎవరిదో ఆయనకి అప్పుడు గుర్తురాలేదు. జ్ఞాపకశక్తి పరీక్ష ఆయనకి ఎవరూ పెట్టలేదు మరి. అందర్నీ అటు తిరగమని, షాపాయన వేలు పెట్టి చూపిస్తుంటే ఏవో అంకెలు నొక్కాడు.

“ఎవరికీ చెప్పకండి. కొట్టేటప్పుడు ఎవరూ చూడకుండా కొట్టండి” అన్నాడు షాపాయన. “వేడి తగలనివ్వకండి. కింద పడనివ్వకండి. ఛార్జింగ్ అయిపోనివ్వకండి.”

“ఆయ్, అలాగేనండి” అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

కింద పడకూడదన్నాడు కనక అబ్బులు దాన్ని నెత్తిన పెట్టుకుని బస్సులో నిలబడే వచ్చాడు. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఇంటికొచ్చాక వేడి సంగతి ఆలోచించారు. ఇంట్లో చల్లటి చోటేది? నుయ్యి! ఇంకేముంది, ఉట్టిలో పెట్టి, తాడు కట్టి, నీళ్ళకి జానెడు పైన వేలాడదీశారు. లోవ పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. పైకి లాగింది, తుడిచింది, గుండెలకి హత్తుకుని కాసేపు కూర్చుంది.

“తెరవకే!” అన్నాడు సన్యాసిరావు. “తెరిస్తే ఛార్జింగ్ అయిపోతుంది. అయిపోనివ్వొద్దన్నాడు.”

“వాడటానికే కదా నాన్నా కొన్నది?”

“వాడకపోతే ఎన్నాళ్ళైనా కొత్తగా ఉంటుంది. సోఫాకి ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ తియ్యలేదు, చూడు ఎలా ఉందో.”

పరీక్ష రోజు దాకా ఆ పిల్లని దాన్ని ముట్టుకోనివ్వలేదు. కంప్యూటర్ గురించి పుస్తకంలో చదువుకుంది, పక్కనే కంప్యూటర్ పెట్టుకుని.

పరీక్ష పది గంటలకి. తొమ్మిదిన్నరకి లోవ తలంటుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, లాప్‌టాప్ తెరిచింది. పాస్‌వర్డ్ అడిగింది.

“నాన్నా, పాస్‌వర్డ్.”

“చెప్పకూడదు.”

“నాకు నాన్నా! పరీక్ష రాసేది నేనే!”

“ఎవరికీ అంటే ఎవరికీ. ఎవరికీలో నువ్వు లేవా? మీ అమ్మకే చెప్పలేదు.”

“నిజమేనే. ఎంతడిగినా చెప్పలేదు” అంది సత్యవేణి గర్వంగా.

“పోనీ నువ్వే కొట్టు.”

అది సబబుగా తోచింది సన్యాసిరావుకి. అందర్నీ బయటికి పంపి తలుపేసుకున్నాడు. మీట మీద వేలు పెట్టబోయి ఆగిపోయాడు. ఎవరూ చూడకుండా అన్నాడు. ఎవరూ అంటే తను కూడా కాదూ? ఎంత ప్రమాదం తప్పింది! కళ్ళు గట్టిగా మూసుకుని కొట్టాడు. తప్పు అంది. మళ్ళీ కొట్టాడు. తప్పు. అనుమానమొచ్చి కళ్ళకి తువ్వాలు కూడా కట్టుకుని కొట్టాడు.

లోవ తలుపు తోసుకుని వచ్చేసరికి తండ్రి కళ్ళకి తువ్వాలు కట్టుకుని, లాప్‌టాప్ అనుకుని గోడ మీద వేళ్ళతో టకటకా కొడుతున్నాడు. గడియారం పదికి దగ్గరపడింది. ఏడుపు ముంచుకొచ్చింది. కొట్టూ, కాయలూ కళ్ళ ముందు కదిలాయి. కానీ అది కూడా బొడ్డువారి పిల్లే, ఆ ఇంట్లో పుట్టి పెరిగింది, ఆ ఇంటి తాళాలు ఎక్కడుంటాయో దానికి తెలుసు.

కళ్ళు తుడుచుకుని నెమ్మదిగా అడిగింది. “నాన్నా, మనుషులకి చెప్పొద్దన్నాడు, నిజమే. కంప్యూటర్‌కి చెప్పొద్దన్నాడా?”

సన్యాసిరావు తువ్వాలు తీసి ఆలోచించాడు. “లేదే.”

“అది అడిగేది నిన్నే కదా. దాని చెవిలో చెప్పు.”

సంతలో కాయలు వేలం పాడే గొంతు ఆయనది. లాప్‌టాప్‌కి చెయ్యి అడ్డం పెట్టి రహస్యంగా చెప్పాడు. “మన గేదె చెవి బిళ్ళ మీదున్న నంబర్లో చివరి నాలుగంకెలూ!” వీధిలో పోయే రిక్షా ఆగింది.

లోవ పశువుల పాకలోకి పరిగెత్తి, గేదె చెవి పట్టుకు చదివి, వెనక్కి పరిగెత్తుకొచ్చి, కొట్టింది. తెరుచుకుంది.

“చూశావా, చెవిలో చెప్పగానే విన్నది. లెక్చరర్ గారి పెంపకం” అన్నాడు సన్యాసిరావు.

పరీక్షంతా లోవ లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకునే రాసింది, పీట మీద పెడితే ఊరుకోరని. బాబాయి విసనకర్రతో విసురుతూనే ఉన్నాడు, దానికి, లోవకి కాదు.

వారం తిరగ్గానే కాకినాడ నుంచి ఫోనొచ్చింది. సన్యాసిరావే ఎత్తాడు. “పాసయ్యారండీ! సోమవారం సాయంత్రం లోపు చేరిపోవాలి. లేకపోతే సీటు వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది. సొంత కంప్యూటర్ తప్పకుండా తీసుకురండి” అన్నారు.

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంట్లో అందరికీ బెల్లం ముక్క పెట్టాడు. సోమవారం మధ్యాహ్నం భోజనాలు కాగానే లాప్‌టాప్‌కి బొట్టు పెట్టి, కొత్త తువ్వాలు చుట్టి, అన్నదమ్ములిద్దరూ బయల్దేరారు. పెట్టె సర్దుకుని గుమ్మంలోకొచ్చిన లోవని చూసి సన్యాసిరావు ఆశ్చర్యపోయాడు.

“నువ్వెక్కడికే?”

“చేరడానికి నాన్నా!”

“వాళ్ళు కంప్యూటర్ని తీసుకురమ్మన్నారు. నా చెవులతో విన్నాను. నిన్ను తీసుకురమ్మని ఒక్క మాట అనలేదు. పిలవని చోటికి ఆడపిల్ల వెళితే మర్యాదగా ఉంటుందా?”

“పోనీ ఈ ఛార్జింగ్ వైరైనా...”

“వైరు కూడా అనలేదు. ఇంటి దగ్గరుండి దాన్ని చూసుకో.” అంతే, వెళ్ళిపోయారు.

కాకినాడ బస్సులో లాప్‌టాప్‌కి ఫుల్ టికెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. ఆఫీసులో మేడం గారి ఎదుట దాన్ని రెండు చేతులా పెట్టి, సన్యాసిరావు మీసం దువ్వుకున్నాడు. “తెచ్చామండి. మా ఇంట్లో ఇంత చదువుకున్నది ఇదొక్కటే. మంచీచెడ్డా చూసుకోండి. రాత్రిళ్ళు విసరాలి.”

మేడం గారు లాప్‌టాప్ వైపూ, దాని బొట్టు వైపూ చూశారు. “బొడ్డు లోవకుమారి ఏదండీ?”

“ఇంటి దగ్గర.”

“ఇంటి దగ్గరేమిటి! ఇంకో గంటలో ఆఫీసు కట్టేస్తాం. సీటు పోతుంది. ముందు ఆ అమ్మాయిని పిలవండి!”

సీటు పోతుందనగానే సన్యాసిరావు మొహం పాలిపోయింది. జీవితంలో మొదటిసారి ఆయనకి భయం వేసింది. కానీ పని మాత్రం తేలికదే చెప్పారు, పిలవమన్నారు. గబగబా వరండాలోకి వెళ్ళి, సింగాలపాడు ఏ దిక్కుందో చూసుకుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఆఫీసు కిటికీలు అదిరేలా అరిచాడు.

“లోవా... ఓ లోవా!”

“ఆఁ, వస్తున్నా నాన్నా!”

గేటు దగ్గర ఆటో దిగుతోంది లోవ. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో ఛార్జింగ్ వైరు. వెనక బస్సుకే వచ్చింది, తండ్రి సంగతి తెలిసిన పిల్ల కదా.

సన్యాసిరావు వెనక్కి తిరిగాడు. గుమ్మంలో మేడం గారు నోరు తెరుచుకుని నిలబడున్నారు. ఆయన అబ్బులు భుజం తట్టి అన్నాడు. “తుని అవతల్నించి ఒక్క కేకకి వచ్చింది. చూశావట్రా? ఫోన్‌కి డబ్బులు తగలేసే వాళ్ళని ఏమనాలి?”