అసిరమ్మ బోణీ

అనగనగా ఒక కాలం. ఎప్పుడని అడక్కండి, నాకు ఈ కథ చెప్పిన మా అమ్మమ్మకే తెలియదు. కొండల కింద ఒక సంత జరిగేది. మంగళవారం మంగళవారం జరిగేది. ఆ సంతకు ఆమడ దూరంలో ఒక పల్లె. ఆ పల్లెలో అసిరమ్మ ఉండేది.

అసిరమ్మకి ఏముంది? కాలు విరిగి మంచాన పడ్డ మొగుడు దాలయ్య ఉన్నాడు. ఇద్దరు చిన్న ఆడపిల్లలున్నారు. తాటాకు బుట్టలు అల్లే రెండు చేతులున్నాయి. వారమంతా అల్లితే మూడు రాగి డబ్బులు వచ్చేవి.

సంతకు బయల్దేరే ముందు ఆ మూడు డబ్బులకీ కొంగున మూడు ముళ్ళు వేసుకునేది. ఒక ముడి చోళ్ళకి, అంటే రాగులకి. ఒక ముడి ఉలవలకి. ఒక ముడి ఉప్పుకీ మిరపకాయలకీ. చోళ్ళు అంబలి కాచేది, ఉలవలు చారు పెట్టేది. ఈ ముడిలో డబ్బు ఆ ముడికి పోనిచ్చేది కాదు. మళ్ళీ మంగళవారం వచ్చేసరికి కుండలో అడుగు కనిపించేది గానీ కుండ ఖాళీ అయ్యేది కాదు. రాజ్యాలేలే వాళ్ళకి కూడా ఆ తెలివి ఉండదు, నన్నడిగితే.

ఇంకో సంగతి. అసిరమ్మ చెయ్యి మంచిదని పేరు. ఆవిడ బోణీ చేస్తే మధ్యాహ్నానికల్లా సరుకు చెల్లిపోతుందని సంతంతటికీ నమ్మకం. చోళ్ళ షావుకారు బుచ్చెన్నకి మరీ నమ్మకం. ఆవిడ వచ్చేదాకా కుంచం ముట్టేవాడు కాదు.

"రాయే అసిరమ్మా, నీ సేత్తో బోణీ సెయ్యి," అనేవాడు.

పక్కింటి నూకాలు ఎప్పుడూ అసిరమ్మ వెనకే నిలబడేది. మంచి చెయ్యి వెనక నిలబడితే తనకీ కాస్త కలిసొస్తుందని ఆ పిచ్చితల్లి ఆశ.

ఒక ఏడు వాన పడలేదు. ధరలకి రెక్కలొచ్చాయి. చుట్టుపక్కల చోళ్ళయినా ఉలవలైనా ఉన్నది ఒక్క బుచ్చెన్న దగ్గరే.

మొదటి మంగళవారం బుచ్చెన్న అసిరమ్మ చెవిలో చెప్పాడు. "నీకు పాత ధరే. డబ్బుకి కుంచెడు. ఎవలికీ సెప్పకు." అసిరమ్మ కొంగులో పోయించుకుని ఇంటికొచ్చింది. వెనకున్న నూకాలుకి కుంచం రెండు డబ్బులైంది.

రెండో మంగళవారం, "నీకు పాత ధరే. ఎవలికీ సెప్పకు." అసిరమ్మ కొంగులో పోయించుకుని ఇంటికొచ్చింది. నూకాలుకి మూడు డబ్బులైంది.

మూడో మంగళవారం, "నీకు పాత ధరే. ఎవలికీ సెప్పకు." అసిరమ్మ కొంగులో పోయించుకుని ఇంటికొచ్చింది. నూకాలుకి నాలుగు డబ్బులన్నాడు. ఉప్పు మానేసి, ఉలవలు మానేసి, ఉన్నదంతా పోసినా నూకాలుకి కుంచం నిండలేదు.

ఆ వారమే నూకాలు చంటిబిడ్డ పోయాడు. తల్లి దగ్గర పాలు లేవు, ఇంకేం చెప్పను.

అసిరమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. నూకాలు ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నీ ఎనకే నిలబడినానే. నీ సెయ్యి మంచిదని పెతీ వారం నీ ఎనకే నిలబడినానే," అంది. తిట్టినా బాగుండేది.

అసిరమ్మ ఇంటికొచ్చి మొగుడికి అంతా చెప్పింది. "ఆ దుకాణం తెరిసింది నా సెయ్యే గదా మావా. ఇక ఆడి దొంగ ధరకి నాను కొనను," అంది.

దాలయ్య మంచం మీంచి పిల్లల వంక చూశాడు. "మరి మన పిల్లలో?" అన్నాడు.

"అదే నాకూ తెల్దు," అంది అసిరమ్మ.

మళ్ళీ మంగళవారం వచ్చింది. అసిరమ్మ అందరికంటే ముందు నిలబడింది. బుచ్చెన్న కుంచం అందుకున్నాడు. అసిరమ్మ కొంగు పట్టలేదు.

"నా ఎనక మనిసికెంత?" అని అడిగింది.

"నీకెందుకే? నీకు పాత ధరే గదా."

అది అందరూ విన్నారు. నూకాలు కూడా వింది. మూడు వారాల సంగతీ ఒక్క మాటతో తెలిసిపోయింది. నూకాలు ఆవిడ మొహం వంక చూసి పక్కకి జరిగింది. మిగిలిన జనం అసిరమ్మని తోసుకుని నాలుగేసి డబ్బులిచ్చి కొనుక్కున్నారు. అసిరమ్మ ఖాళీ కొంగుతో ఇంటికొచ్చింది. ఆ వారం పిల్లలకి చింతగింజలు ఉడకబెట్టింది.

ఆ పై మంగళవారం మళ్ళీ వెళ్ళి ముందు నిలబడింది. "నా ఎనక మనిసికెంత?" అంది. బుచ్చెన్న నవ్వి, "ఐదు," అన్నాడు. ఈసారి నూకాలు వచ్చి వెనక నిలబడింది. అసిరమ్మని దాటి వెళ్ళలేదు. సగం జనం కూడా దాటలేదు. మిగతా సగం దాటారు. వాళ్ళనీ ఏమనగలం, ఆకలి వాళ్ళది. అసిరమ్మ ఖాళీ కొంగుతో ఇంటికొచ్చింది. పిల్లలకి అడవి ఆకు ఉడకబెట్టింది. తను అదీ తినలేదు.

అలా అడగడం మొదలెట్టిన మూడో మంగళవారం అసిరమ్మ కర్ర పట్టుకుని నడిచింది. అయినా ముందే నిలబడింది. ఈసారి సంతలో ఒక్కరూ ఆవిడని దాటలేదు. ఎండెక్కింది. బోణీ కాలేదు. చోళ్ళు రాశులుగా పడున్నాయి, జనం బారుగా నిలబడ్డారు, మధ్యలో కుంచం ఖాళీగా ఉంది.

బుచ్చెన్నకి చెమటలు పట్టాయి. "పైన ఇంకో తవ్వ పోత్తాను, బోణీ సెయ్యి," అన్నాడు.

"నా ఎనక మనిసికెంత?"

"డబ్బే వద్దు. ఊరికే పట్టుకెల్లు."

"నా ఎనక మనిసికెంత?"

"ఓలమ్మా, బస్తా నీ ఇంటికి పంపుతాను. నీ పిల్లల మొకం సూడు!"

పిల్లల మాట రాగానే అసిరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడుస్తూనే అడిగింది. "నా ఎనక మనిసికెంత, బాబూ?"

బుచ్చెన్న బారు వంక చూశాడు. పొద్దు వంక చూశాడు. తల దించుకున్నాడు.

"రెండు డబ్బులు. అందరికీ అదే. నీకూ అదే," అన్నాడు.

అసిరమ్మ కొంగున రెండు ముళ్ళు విప్పింది. తనకి ఒక్క డబ్బుకే వచ్చే కుంచాన్ని రెండు పెట్టి కొన్న మనిషి ఆ సంతలో ఆవిడ ఒక్కతే. గింజలు కొంగులో పోయించుకుని, "నూకాలూ, ముందుకి రా," అని పిలిచింది. పిలిచి బస్తాల పక్కన నీడలో కూలబడింది.

బారు కదిలింది. ఒక్కొక్కరూ కొలిపించుకున్నారు. చివరి మనిషికి కూడా బుచ్చెన్న రెండు డబ్బులకే కొలిచాడు. అప్పుడు నూకాలు, "లే అసిరమ్మా, ఇంటికెల్దాం," అని భుజం తట్టింది. అసిరమ్మ లేవలేదు. ఒళ్ళో గింజలు ఒక్కటి కూడా ఒలకలేదు.

నూకాలు ఆ గింజలు తెచ్చి, ఏడుస్తూ అంబలి కాచి, ఇద్దరు పిల్లలకీ పోసింది. ఆ పిల్లలు ఆమె దగ్గరే పెరిగారు. దాలయ్య బతికినన్నాళ్ళూ ఆమే ఇంత అంబలి పోసింది.

బుచ్చెన్న పోయాడు, నూకాలూ పోయింది. సంత మాత్రం ఇప్పటికీ జరుగుతోంది. ఆ సంతలో ముందు నిలబడ్డ మనిషి తనకెంతో అడగదు. "నా ఎనక మనిసికెంత?" అంటుంది. అమ్మేవాడు అందరికీ వినబడేలా ధర చెప్పాలి. చెప్పాకే బోణీ.

ఒకసారి పై ఊరి వర్తకుడొకడు కొత్తగా కొట్టు పెట్టాడు. పొద్దున్నే ఒక ముసలమ్మ వచ్చి, "నా ఎనక మనిసికెంత?" అంది. వాడు అటూ ఇటూ చూసి నవ్వాడు.

"నీ వెనక ఎవరూ లేరు కదమ్మా?"

"ఒత్తారు," అంది ముసలమ్మ. "ధర సెప్పు."