మూడు మడుగుల బెగ్గురు

అనగనగా, మబ్బులు నేలకు దిగి గడ్డిమీద నిద్రపోయేంత చక్కని చలికాలం ఉన్న ఒక రాజ్యం. ఆ రాజ్యంలో తూర్పున ఒక మడుగు, నడుమ ఒక మడుగు, పడమట ఒక మడుగు. చలి మొదలయ్యేసరికి ఉత్తరాన ఎక్కడెక్కడి నుంచో పక్షులు ఆ నీళ్లను వెతుక్కుంటూ వచ్చేవి.

మడుగుకొకరు పిట్టల కావలి ఉండేవారు. తూర్పు మడుగుకు పోలయ్య తాత, నడిమి మడుగుకు బైరాగి, పడమటి మడుగుకు నాంచారి. అందరిలోకీ నాంచారి చిన్నది. తండ్రి పోయాక ఎవరూ పిలవకుండానే కోటకు వెళ్లి, "మా మడుగు నేను కాస్తాను మహారాజా" అని పని అడిగి తీసుకుంది. ఆకాశంలో గుంపు ఎగిరితే, అది చెట్లు దాటేలోగా ఎన్ని పక్షులో చెప్పేసేది.

చలికాలంలో ప్రతి పున్నమికీ కోట ముంగిట నెగడు వేసేవారు. నిప్పుల్లో తేగలు కాలుతుంటే, కావలివాళ్లు తాము చూసిన పక్షుల ముచ్చట్లు చెప్పేవారు. సోమదత్త మహారాజు పిల్లలతో పాటు కూర్చుని వినేవాడు. అరుదైన పక్షిని చూసినవారికి ఎర్ర కంబళి కప్పేవాడు.

నాంచారికి ఆ కంబళి ఎన్నడూ దక్కలేదు. ఆమె మడుగుకు బుడుబుంగలు, నీటికోళ్లు, కొంగలు తప్ప కొత్త చుట్టం వచ్చింది లేదు. "బుంగల మడుగు పిల్ల వచ్చిందిరోయ్!" అని బైరాగి ఏటా ఆట పట్టించేవాడు.

ఆ ఏడు పుష్య పున్నమి నాడు ముందుగా పోలయ్య తాత లేచాడు.

"మహారాజా, మంచు విడవక ముందు చూశాను. తెల్ల బెగ్గురు! కొంగకు రెండింతల ఎత్తు. ఒళ్లంతా పాలనురుగు, మొహం కుంకుమ. నీళ్లలో అడుగు వేస్తే అల కూడా లేవలేదు."

బైరాగి ఊరుకుంటాడా! "నా మడుగులోనూ దిగింది మహారాజా. మిట్టమధ్యాహ్నం, నీడలు కాళ్ల కిందికి చేరిన వేళ. తాత బెగ్గురు కంటే నాది జానెడు పొడుగు!"

"నా బెగ్గురును నువ్వు చూడనే లేదు కదరా, ఎప్పుడు కొలిచావు?" అన్నాడు తాత. అందరూ గొల్లుమన్నారు.

నాంచారి లేచి నిలబడింది. "నా మడుగుకూ వచ్చింది మహారాజా. పొద్దు వాలుతోంది. నీళ్లన్నీ బంగారం. ఆ బంగారంలో అదొక్కటే తెలుపు. నేను ఊపిరి పీల్చడం మరిచిపోయాను."

రాజు మురిసిపోయి ముగ్గురికీ కంబళ్లు కప్పాడు. నాంచారికి ఆ వెచ్చదనం కలలా ఉంది. ఇక తన మడుగును ఎవరూ వెక్కిరించరు.

అంతలో రాజు అన్నాడు: "ఒంటరిగా వచ్చిన పక్షి మన చుట్టం, దాని జోలికి పోరాదని మా పూర్వుల కట్టడి. ఒకటికి మించి వస్తే ఒకదాన్ని మా ఉద్యానానికి తెచ్చుకోవచ్చు. ఇప్పుడు మూడు వచ్చాయి! బోయలూ, వలలు సిద్ధం చేయండి. పంజరం నేను చేయిస్తాను."

నాంచారి చేతిలో తేగ చేతిలోనే ఉండిపోయింది. తాత చూసింది పొద్దున. బైరాగి చూసింది మధ్యాహ్నం. తాను చూసింది సాయంత్రం. ముగ్గురూ మూడు పూటలు చెప్పారు, ఏ పూటా రెండోసారి రాలేదు. ఒక్క బెగ్గురే మూడు నీళ్లూ తిరుగుతోందేమో! అదే నిజమైతే, ఒకటి వలలో పడ్డాక ఇక మిగిలేది ఏమీ లేదు.

నోరు విప్పితే కంబళి పోతుంది. బుంగల మడుగు మళ్లీ బుంగల మడుగే అవుతుంది. ఆమె కళ్లు మూసుకుంది. పంజరం చువ్వల నడుమ ఒక ఎర్రని మొహం కనిపించింది.

కళ్లు తెరిచి, కంబళి మడిచి రాజు ముందు పెట్టింది. "మహారాజా, మేము చూసింది మూడుసార్లు. మూడు పక్షులు కావేమో."

"ఏం మరదలా, కంబళి గుచ్చుకుంటోందా?" అన్నాడు బైరాగి. "నీది ఉత్త బుడుబుంగ అయితే ఆ మాట చెప్పు, మా బెగ్గురుల మీద పడతావేం?"

"నీ వయసుకు మూడింతల కాలం నా కళ్లు ఈ నీళ్లను కాశాయి. నాకు లెక్క చెబుతావా?" అని తాత ముఖం తిప్పుకున్నాడు.

"రుజువేమిటమ్మా?" అని అడిగాడు రాజు.

"రేపు తెల్లవారగానే, మధ్యాహ్నం, పొద్దు వాలినప్పుడు కోటమీద నగారా మోగించండి మహారాజా. అది మోగిన క్షణాన ఎవరి నీళ్లలో బెగ్గురు ఉంటే వాళ్లు పచ్చిగడ్డి పొగ వేస్తాం. ఒకేసారి రెండు పొగలు లేస్తే తప్పు నాది."

రాజు సరేనన్నాడు.

మర్నాడు లోకమంతా మంచులో మునిగి ఉంది. చెట్ల కొసలు మాత్రమే పైకి తేలుతున్నాయి. మొదటి నగారా మోగింది. నాంచారి నీళ్లలో ఒక బుడుబుంగ మునిగి, తేలి, మళ్లీ మునిగింది. అంతే. దూరాన తూర్పు దిక్కున మంచుపైన ఒక్క పొగ, తంబుర తీగలా నిటారుగా లేచింది.

రెండో నగారా మోగింది. నడిమి మడుగు మీద పొగ లేచింది. నాంచారి తూర్పుకు చూసింది. అక్కడా సన్నని పొగ పోగు ఒకటి! రెండు పొగల కోసం గట్టుమీద కాచుకున్న బోయలు వలలు భుజాన వేసుకుని లేచారు. ఇంతలో ఆ తూర్పు పోగు మధ్యలో వంగింది, తెగింది, గాలిలో కలిసిపోయింది. బోయలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని మళ్లీ కూర్చున్నారు.

పొద్దు వాలింది. నీళ్లు బంగారమయ్యాయి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా, నిద్రలోకి కల వచ్చినట్టు, తెల్ల బెగ్గురు ఆ నీళ్లమీద వాలింది. మూడో నగారా మోగింది. నాంచారి గడ్డి అంటించి, ఆకాశం చూసింది. తూర్పున ఏమీ లేదు. నడుమ ఏమీ లేదు.

సందెవేళ రాజు ముగ్గురినీ పిలిపించాడు. "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యాహ్నం మాత్రం నాకు ఒకటిన్నర పొగలు కనిపించాయి. ఆ అర పొగ ఎవరిది?"

పోలయ్య తాత ముందుకు వచ్చాడు. "నాదే మహారాజా. నా బెగ్గురు నాది కాకుండా పోతుందేమోనని, ఖాళీ నీళ్ల ముందు గడ్డి అంటించాను. రెండు కొంగలు తలెత్తి నావైపు చూశాయి. సిగ్గేసింది. తొక్కి ఆర్పేశాను."

"నయం తాతా!" అన్నాడు బైరాగి. "సాయంత్రం నా చెయ్యి ఎక్కడ ఆగదోనని, నా చెకుముకి రాయిని ముందే మడుగులోకి విసిరేశాను. ఇవాళ మా ఇంట్లో పొయ్యి కూడా వెలగదు."

రాజు పకపకా నవ్వాడు. ఆ నవ్వులోనే తల వంచుకున్నాడు. "నిజం చెప్పాలంటే, మూడు అని వినగానే నాకూ ఆశే పుట్టింది. ఎప్పుడు చూశారని ఒక్కరినీ అడగలేదు. బోయలూ, వలలు విప్పేయండి. వచ్చింది ఒక్క బెగ్గురు. అది ముగ్గురికీ చుట్టం."

ఆ చలికాలమంతా బెగ్గురు పొద్దున తూర్పున, మధ్యాహ్నం నడుమ, సాయంత్రం పడమట తిరిగింది. ఎండలు ముదిరే ముందు ఒకనాడు మూడు మడుగుల మీదుగా ఎగిరి ఉత్తరానికి వెళ్లిపోయింది. దాన్ని సాగనంపడానికి తాత, బైరాగి, నాంచారి ఒకే గట్టున నిలబడ్డారు.

కాబట్టి పిల్లలూ, నాది నాది అని పంతం పడితే ఒకటి కూడా మూడుగా కనిపిస్తుంది. తన గొప్ప పోయినా సరే నిజం చెప్పేవారి వల్లనే ప్రాణాలు నిలుస్తాయి.