చుక్కల్లేని తల్లి

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. ఆ అడవిలో చెట్లకన్నా నియమాలే దట్టంగా ఉండేవి.

ఒక వానాకాలం వాగు పొంగింది. ఆ వరదలో కాటమ్మ అనే అడవిగేదె తన దూడను పోగొట్టుకుంది. అదే వరదలో ఒక తల్లిలేడి కూడా పోయింది. దాని పిల్ల మాత్రం గట్టుమీద మిగిలింది. ఇంకా సరిగా నిలబడడం రాని పసికూన.

కాటమ్మ పొదుగు పాలతో బిగిసి సలుపుతోంది. గట్టుమీద పిల్ల ఆకలితో ఏడుస్తోంది. మనలాంటి తెలివితక్కువవాళ్లం ఏం చేస్తాం? పాలు ఇస్తాం. కాటమ్మా అదే చేయబోయింది.

"ఆగండాగండి!" అంటూ నక్క పరుగెత్తుకొచ్చింది. అది అడవిలో అనాథ పిల్లల సంఘానికి పెద్ద. దాని వెనకే సభ్యులు, కొంగా ఉడుమూ వచ్చాయి. "పాలు తర్వాత. ముందు మీకు అర్హత ఉందో లేదో చూడాలి కాటమ్మగారూ. మీ ఆయన ఏం చేస్తుంటారు?"

"మొన్న వేసవిలో పెద్దపులి నోట పడ్డాడండి."

"అయ్యయ్యో!" అంటూ కొంగ కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక, "పిల్లను పెంచుకోవాలంటే ఆలుమగలు ఇద్దరూ ఉండాలమ్మా. పోయినాయన్ని ఒక్కసారి పిలుచుకు రాగలరా?" అని అడిగింది.

"పోనీ, సొంత ఇల్లుందా?" అంది ఉడుము.

"మేం ఆరుబయటే పడుకుంటామండి. మంద మధ్యలో పిల్లలు వెచ్చగా ఉంటారు."

"అంటే లేదన్నమాట."

నక్క కాటమ్మ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి పెదవి విరిచింది. "అసలు చిక్కు ఇక్కడుంది. పిల్లకు ఒంటినిండా చుక్కలు. మీకు మచ్చుకైనా ఒక్కటి లేదు. రేపు నలుగురిలో ఆ పిల్ల ఎంత చిన్నబోతుంది? మేం ఇవన్నీ ఆలోచించొద్దూ?"

కాటమ్మకు పెద్దలంటే గౌరవం. తలొంచుకుని పక్కకు వెళ్లి నిలబడింది. పాలు ధారకట్టి నేలపాలవుతున్నాయి. పిల్ల ఏడుపు సన్నబడుతోంది. సంఘం మాత్రం పిల్ల క్షేమం గురించి పొద్దు వాలేదాకా ఎడతెగకుండా మాట్లాడుకుంది.

చివరికి అర్హులు దొరికారు. ఆలుమగలు ఇద్దరూ ఉన్నారు. కొండమీద సొంత గుహ ఉంది. ఒంటినిండా చుక్కలే చుక్కలు. ఎవరనుకున్నారు? చిరుతపులి దంపతులు!

"పిల్లలంటే మాకు ప్రాణం," అంది మగచిరుత మూతి నాక్కుంటూ.

"అందులోనూ లేతవాళ్లంటే మరీను," అంది ఆడచిరుత.

సంఘంవారికి కళ్లు చెమర్చాయి. ఇంత ముచ్చటైన కుటుంబాన్ని వాళ్లు ఎన్నడూ చూడలేదట.

కాటమ్మ ఉండబట్టలేక నోరు తెరిచింది. "అయ్యా, చిరుతలు జింకల్ని తింటాయి కదండీ?"

నక్క కళ్లు మూసుకుని నియమాలన్నీ గుర్తుచేసుకుంది. "ఆ ప్రశ్న అడగమని మా నియమాల్లో ఎక్కడా లేదమ్మా."

"తనకు ఇవ్వలేదని ఏడుపు," అంది కొంగ.

కాటమ్మ పుట్టి బుద్ధెరిగాక పెద్దల మాట కాదన్నది లేదు. మందలో ఎవరేమంటారోనని జంకింది. పిల్లకేసి చూసింది. అది ఏడవడం కూడా మానేసింది. ఇక కాటమ్మ ఏమీ ఆలోచించలేదు. నేరుగా వెళ్లి పిల్లకు అడ్డంగా నిలబడి, కొమ్ములు కిందికి దించింది.

"నన్ను దాటుకుని తీసుకెళ్లండి," అంది.

చిరుతలు ఆ కొమ్ముల కేసి చూశాయి. ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. "కన్నకడుపు కోసినట్టుంది," అని నిట్టూర్చి, కొండదారి పట్టాయి.

పిల్ల తడుముకుంటూ పొదుగు అందుకుంది. కాటమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు.

సంఘం ఊరుకుంటుందా? మడుగులో అందరూ తాగి వెళ్లాక, మిగిలిన బురదనీళ్లే కాటమ్మ తాగాలని శిక్ష వేసింది. కాటమ్మ అవే తాగింది. అప్పుడప్పుడు మనసు చివుక్కుమనేది. పక్కన పిల్ల చెంగుచెంగున గెంతుతుంటే ఆ సంగతే మరిచిపోయేది.

ఏళ్లు గడిచాయి. ఒకనాడు నక్క రొప్పుతూ మంద దగ్గరికి వచ్చింది. కొమ్మల్లాంటి కొమ్ములున్న మగజింక ఎదురైంది.

"కాటమ్మగారున్నారా బాబూ? శుభవార్త తెచ్చాను. మా సంఘం బాగా ఆలోచించి, పిల్లను పెంచుకోవడానికి ఆవిడకు అనుమతి ఇచ్చింది. ఇంతకీ పిల్ల ఏదీ?"

"నేనేనండి."

నక్క దాన్ని కిందినుంచి పైదాకా చూసి తల గోక్కుంది. "ఇంత పెద్దవాడివైపోయావా! అలాగైతే వయసు గురించి మాకు వేరే నియమం..."

"అమ్మ మేతకెళ్లింది," అంది జింక మర్యాదగా. "ఆవిడ వచ్చేలోగా మీరు బయల్దేరితే మంచిదండి. ఈమధ్య అమ్మ పెద్దల మాట బొత్తిగా వినడం లేదు."

నక్క తోక ముడుచుకుని, మిగతా నియమాన్ని దారిపొడుగునా తనకు తనే చెప్పుకుంటూ వెళ్లిపోయింది.

నీతి: బిడ్డ ఎవరి దగ్గర క్షేమంగా ఉంటుందో అడగడం మరిచిపోతే, ఎన్ని నియమాలు పెట్టుకున్నా ఆ బిడ్డకు ఒరిగేదేమీ లేదు.