వాలుభుజం చెన్నకేశవుడు

ఈతకోన కొండ మీద కొలువైన చెన్నకేశవస్వామి దర్శనానికి నేటికీ కాలిబాటే దారి. మెట్లు లేవు, డోలీలు లేవు. అడవిలో పగలంతా నడవాలి. భక్తులు కోన మొదట్లోని మండపంలో సామానంతా దింపి, ఒక తుండుగుడ్డ, నీళ్ల బుర్ర, పిడికెడు అటుకులు మాత్రమే పట్టుకుని బయలుదేరడం ఇక్కడి ఆచారం.

పూర్వం ఈ కోన కింద పుల్లంశెట్టి అనే వర్తకుడు ఉండేవాడు. కూతురు విషజ్వరంతో మంచం పట్టినప్పుడు, బిడ్డ బతికితే కార్తిక పౌర్ణమి దీపం వేళకు కాలినడకన కొండకు వస్తానని ఆయన మొక్కుకున్నాడు. బిడ్డ బతికింది. శెట్టి మాత్రం వరుసగా రెండేళ్లు సగం దారిలోనే వెనుదిరిగాడు. భక్తి తక్కువై కాదు, మూటలు ఎక్కువై. పరుపు, ఆవకాయ జాడీ, రెండు గొడుగులు, పైగా దారిలో పచ్చడి నూరుకోవడానికి రోలు!

"దేవుడికి మాటిచ్చింది నువ్వా, రోలా?" అని భార్య అక్కమ్మ మొత్తుకునేది.

మూడో ఏడు పౌర్ణమినాడు బిడ్డకు మళ్లీ ఒళ్లు కాలిపోయింది. మొక్కు తీర్చనందుకే అనుకున్నాడు శెట్టి. అక్కమ్మ బిడ్డను చంకనేసుకుని ముందు నడిచింది. శెట్టి వెనక నడిచాడు, రోలుతో సహా.

సగం దారిలో ఆయన కూలబడి ఏడుస్తుండగా ఒక గొర్రెలకాపరి వచ్చి మూటలన్నీ భుజానికెత్తుకున్నాడు. నాలుగడుగులు వేసి మూలిగాడు.

"రెండో గొడుగెందుకు శెట్టీ?"

"మొదటిది పోతేనో!"

"లోకాలు మోసినోణ్ణి, నీ రోలు మొయ్యలేకుండా ఉండాను," అన్నాడు కాపరి. పిచ్చివాడనుకున్నాడు శెట్టి.

బరువు దిగిన శెట్టి దీపం వేళకే శిఖరం చేరాడు. చూస్తే కాపరి జాడ లేదు. ఆయన స్వామిని చూడక, "నా రోలేదీ?" అని పూజారిని అడిగాడు. అక్కమ్మ ఆయన తల పట్టుకుని గర్భగుడి వైపు తిప్పింది. మూటలన్నీ స్వామి పాదాల దగ్గరున్నాయి. నిటారుగా ఉండే విగ్రహానికి కుడిభుజం వాలిపోయి, దాని మీద తాడు ఒరుసుకున్న గుర్తు పడి ఉంది. శెట్టి సిగ్గుతో చితికిపోయి వలవలా ఏడ్చాడు. అంతలో బిడ్డ ఒళ్లు చల్లబడి, ఆకలంటూ అటుకులు అడిగింది. శెట్టి అప్పటికప్పుడు నువ్వులనూనె తెప్పించి స్వామి భుజానికి తన చేత్తోనే మర్దన చేశాడు.

నాటి నుండి ప్రతి శనివారం ఆ భుజానికి తైలసేవ జరుగుతోంది. ఆ నూనె రాసుకుంటే మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని, పసిపిల్లల జ్వరాలు దిగుతాయని భక్తుల నమ్మకం. పెద్ద పెద్ద సంచులతో ఎక్కివచ్చినవారి మొక్కులను కూడా స్వామి కాదనడు. కాకపోతే ఆ రోజు అర్చకులు నూనె గిన్నె రెండుసార్లు నింపుకోవలసి వస్తుంది.