ధుని ఆరిన పొద్దు

"తాతా, పందొమ్మిది బట్టీల్లో మొదట ఏది ఆరాలి?" అని హైమావతి అడిగింది. ఆమె ఎర్రమడుగు పురపాలక సంఘంలో ఇంజనీరు. ప్రతి ఆదివారం పొద్దు పొడవక ముందే కొండెక్కి నింగప్ప తాత దగ్గర కాసేపు కూర్చోవడం ఆమెకు అలవాటు. ఆ సీమలో అవధూతల్ని తాత అనే పిలుస్తారు. ఈ తాతను ప్రశ్న అడిగితే జవాబు వస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు. ఏదో ఒకటి జరుగుతుందన్న నమ్మకం మాత్రం అందరికీ ఉంది.

ఎర్రమడుగు పెద్ద ఊరేం కాదు. అయినా తాను గాలిలోకి వదిలే పొగనంతా తానే సరిపెట్టుకునే ఊరు కావాలని పంతం పట్టింది. రెండేళ్ళలో వీధిదీపాలూ నీళ్ళ మోటార్లూ ఎండ కరెంటుకు మారాయి. చెత్తకుప్పలు తగలబెట్టడం మాని వాటితో గ్యాసు చేస్తున్నారు. రోడ్ల పక్కన కానుగ మొక్కలు మనిషెత్తు లేచాయి. ఇవన్నీ చెబుతుంటే హైమావతి కళ్ళు మెరిసిపోయేవి. ఇక మిగిలింది బొరుగుల వీధి ఒక్కటే. అక్కడి పందొమ్మిది బట్టీలు ఊకా పాత టైర్లూ కాల్చి ఊరందరికీ బొరుగులు పెడతాయి, ఊరందరికీ మసీ పూస్తాయి. వాటి బదులు కరెంటు బట్టీలు వచ్చి నెలయింది. పసుపూ కుంకుమా పెట్టించుకుని, పైన గుడ్డ కప్పించుకుని ఊరికే కూర్చున్నాయవి. రేపు సోమవారం, జిల్లా నుంచి చూడ్డానికి వస్తారు. అప్పటికి ఒక్క పాత బట్టీ కూడా ఆరకపోతే కొత్తవి వేరే ఊరికి తరలిపోతాయి. రెండేళ్ళ పనీ అక్కడితో సరి.

బట్టీలవాళ్ళు మొండివాళ్ళేం కాదు. మీటింగులో అందరూ చేతులెత్తారు. చిక్కల్లా నిప్పుతోనే వచ్చింది. ఆ నిప్పు వాళ్ళ తాతముత్తాతల నాటిది. పని అయ్యాక బూడిద కప్పి దాచుకుంటారు, మర్నాడు పొద్దున కొండ మీద తాత ధుని పొగ కనిపించాకే మళ్ళీ రాజేస్తారు. ధుని అంటే తాత ముందర ఎప్పుడూ మండే నిప్పుగుండం. ధుని ఆరితే తాత దక్కడనీ, బట్టీ నిప్పును చేతులారా ఆర్పితే ఆ ఇంటి పెద్ద దక్కడనీ అక్కడివాళ్ళ నమ్మకం. అందుకని నువ్వు ముందంటే నువ్వు ముందని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పెద్ద బట్టీ ఓబులేసు ఆర్పితే మావీ ఆరినట్టేనని మిగతా పద్దెనిమిది మందీ తేల్చేశారు. డెబ్బై ఏళ్ళ ఓబులేసేమో, అందరూ నా ప్రాణం మీదికే వస్తారేమమ్మా అని మొన్న కంటతడి పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన్ని అడగడానికి హైమావతికి నోరు రాలేదు.

ఇదంతా చెప్పి ఆమె ఊపిరి తీసుకునేలోపే తాత లేచాడు. మూలనున్న నీళ్ళ బిందె ఎత్తి, మూడు తరాల ధుని మీద కుమ్మరించేశాడు. బుస్సుమని ఆవిరి లేచి, చూస్తుండగానే విడిపోయింది. ఇలాంటి నమ్మకాలు తనకు లేవనుకునే హైమావతి, తాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూసినంత పని చేసింది. ఆయనేమో ఆమె తెచ్చిన క్యారియరు విప్పుకుని బొరుగుల ఉగ్గాని తినడం మొదలుపెట్టాడు.

పొద్దు పొడిచింది. కొండ మీద పొగ లేదన్న మాట బొరుగుల వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు పాకిపోయింది. ఆడా మగా గుండెలు బాదుకుంటూ మెట్లెక్కారు. ముందు పూలదండలు, వెనక డప్పు, నడుమ ఇద్దరు మోసుకొస్తున్న ఉప్పు మూట. అవధూతను సమాధి చేసేటప్పుడు ఉప్పు పోస్తారు గదా. పైకొచ్చి చూస్తే ఏముంది, సమాధి కావలసిన మనిషి చక్కగా ఉగ్గాని తింటున్నాడు.

తాత ఆ మూటను చూసి, ఉగ్గానిలో ఉప్పు తక్కువైన సంగతి వీళ్ళకెవరు చెప్పారని హైమావతిని అడిగాడు. ముందు డప్పాయన నవ్వాడు. ఆపైన జనమంతా నవ్వారు, ఏడుస్తున్నవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. హైమావతికి ఎక్కడ లేని సంతోషం పొంగుకొచ్చింది.

ఓబులేసు ఒక్కడే నవ్వలేదు. వంగి ధునిలో చెయ్యి పెట్టి చూశాడు, బూడిద చల్లగా ఉంది. తాత చెయ్యి పట్టుకుని చూశాడు, వెచ్చగా ఉంది. చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. తర్వాత మెల్లగా లేచి ఖాళీ బిందె అందుకుని, దీన్ని ఇంటికి తీసుకుపోతానన్నాడు. ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని హైమావతి గబగబా పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఓబులేసు మొదటి మెట్టు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"తాతా, నీకు భయం కాలేదా?"

"అయింది ఓబులేసూ," అన్నాడు తాత. "నీళ్ళు పోసేదాకా అయింది."